కోటిలింగం ఇంటి తాళం

బుద్ధివారిపాలెంలో తెలివి ఎంత ఎక్కువంటే, మిగిలింది పక్క ఊళ్ళకి అరువిస్తామని ఆ ఊరివాళ్ళే చెప్పుకుంటారు. అందులోనూ కోటిలింగం మరీ గట్టివాడు. ఎవరేం చెప్పినా ఒక్క ముక్క జారనివ్వడు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తాడు. ఇల్లు కదిలితే తాళం వేసి, దాన్ని పదేపదే లాగి చూసుకుంటే గానీ అడుగు పడదు. అది తాతలనాటి అలవాటు.

ఒకరోజు క్రికెట్ జట్టు యజమాని భుజంగరావు కారు దిగి, ఊరవతల స్టేడియం కడతానన్నాడు. ఖర్చు ఊరివాళ్ళ పన్నులోంచి వస్తుందట, లాభం సంగతి మాత్రం ఆయన చూసుకుంటాడట. అంత చాకిరీ ఆయనొక్కడే నెత్తినేసుకుంటున్నాడని ఊరంతా జాలిపడింది.

"ఇది నాది కాదు బాబూ, మీది. మీ సొంత ఇల్లే అనుకోండి" అన్నాడు భుజంగరావు.

అంతే. కోటిలింగం అలాగే అనుకున్నాడు. పన్నుకి చేతిలో పైసా లేదు గనక ఇంటి పెంకులూ, దూలాలూ అమ్మి కట్టేశాడు. పన్ను పెంచారు. తలుపులూ అమ్మాడు. తాళం మాత్రం ఎవరూ కొనలేదు. వానాకాలం ముంచుకొస్తోంది, పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలని పెళ్ళాం చిట్టెమ్మ ఏడుపు లంకించుకుంది.

"పిచ్చిదానా, అంత పెద్ద ఇల్లు లేస్తుంటే ఈ కొంపెందుకే?" అన్నాడు కోటిలింగం.

స్టేడియం పూర్తయింది. మొదటి చినుకు పడగానే సామాను మోసుకుని వెళ్ళారు. కాపలావాడూ ఆ ఊరివాడే గనక, ఇంటివాళ్ళొచ్చారని గేటు బార్లా తీశాడు. ఇంకేముంది, పిచ్ నడుమ పొయ్యి పెట్టి పాలు పొంగించారు. కల్లాపి చల్లి ముగ్గేశారు. గేదెని వికెట్లకి కట్టేశారు. కప్పు కిందున్న పెద్దవాళ్ళ కుర్చీలన్నిటి మీదా మిరపకాయలు ఆరబోశారు.

తెల్లారితే మొదటి మ్యాచ్. జనం వచ్చి కూర్చున్నారు, పెద్దలు మిరపకాయల మీద కూర్చుని లేచారు. ఆటగాళ్ళు దిగితే చుట్టాలనుకుని చిట్టెమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఇంతమందికి వండడానికి బియ్యం ఎక్కడివని గుండెలు బాదుకుంది. వాళ్ళు బంతి తీస్తే, ఇంట్లో బంతాటేమిటి, కుండలు పగలవూ అని లాక్కుని పప్పుకుండలో దాచేసింది.

భుజంగరావు ఒళ్ళు మండిపోతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు రానిచ్చార్రా మిమ్మల్ని? ఇది నా స్టేడియం. నడవండి బయటికి" అన్నాడు.

కోటిలింగం మనసు చివుక్కుమంది. పెంకులు పోయాయి, తలుపులు పోయాయి, ఇప్పుడు ఇదీ పోయిందా అని కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ తెలివైనవాడు కదా, కాసేపట్లోనే తేరుకున్నాడు. చుట్టాలు కిక్కిరిస్తే ఇంటివాళ్ళే సర్దుకోవాలి, నాలుగు రోజులు అత్తారింట్లో ఉండొస్తే సరి. చిట్టెమ్మనీ పిల్లల్నీ గేదెనీ బయటికి నడిపించాడు. గేటు దాటాక ఠక్కున ఆగాడు. ఇల్లు వదిలి ఊరెళుతున్నాడాయె.

అంతే. ఉన్న ఒక్క గేటూ మూసి, మూటలోంచి తాళం తీసి వేసి, పదేపదే లాగి చూసుకున్నాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

లోపల ఊచలు పట్టుకుని భుజంగరావు గోల పెడుతున్నాడు, వెనక జనమంతా తోసుకుంటున్నారు. కోటిలింగానికి ఆయన మొహమాటం చూసి ముచ్చటేసింది.

"ఏం బెంగపెట్టుకోకండి బాబూ, మేమొచ్చేదాకా హాయిగా ఉండండి. మీ సొంత ఇల్లే అనుకోండి" అని చెప్పి, గేదెని అదిలించి అత్తారూరి దారి పట్టాడు.