ఆటు వేళ అఖాతం

ఖాసిం దర్గా అరుగు మీదికి విసురుగా వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"హజ్రత్! ఆ జాలరి నూకాలమ్మ నేను షావుకారుకి అమ్ముడుపోయానంది. నలుగురిలో, నా ముఖం మీదే!"

పీర్ సాహెబు తలెత్తి చూశారు.

ఖాసిం ఆయన దగ్గరే వైద్యం నేర్చిన శిష్యుడు. అద్దకపు కార్ఖానా వదిలే రంగునీళ్ళు అఖాతాన్ని చంపేస్తున్నాయని జాలరులు మొత్తుకుంటుంటే, నిజమేదో తేల్చమని ఊరి పెద్దలు అతనికే అప్పగించారు. అతను కార్ఖానా షావుకారు పడవలోనే వెళ్ళాడు. గాజు కూజాలో నీళ్ళు పట్టి వెలుగుకెత్తి చూశాడు. వాసన చూశాడు. నాలుక మీద వేసుకున్నాడు. అఖాతానికి ఏ జబ్బూ లేదన్నాడు. సాయంత్రం సభలో ఆ మాటే చెబితే రెండో కార్ఖానా లేస్తుంది.

"వలలో చేప పడకపోతే నాదా తప్పు? ఇన్నేళ్ళ నా చదువుకి ఇదా మర్యాద?"

పీర్ సాహెబు లేచారు. శిష్యుడి మణికట్టు పట్టుకుని, దాదాపు ఈడ్చుకుంటూ ఒడ్డుకి తీసుకుపోయారు. ఆటు వేళ. నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడి ఉంది.

"కూర్చో."

"బురదలోనా?"

"కూర్చో!"

ఆయన గొంతు అంత కటువుగా ఖాసిం ఎన్నడూ వినలేదు. చతికిలబడ్డాడు.

"ఏం వినిపిస్తోంది?"

"ఏమీ లేదు హజ్రత్. ప్రశాంతంగా ఉంది."

ఆ మాటకి ఆయన పళ్ళు పటపటలాడాయి. చెయ్యి పట్టి లేపి, ఇసుక దిబ్బ దాటించి అవతల దించారు. కార్ఖానా నీళ్ళు అటు రావు. అక్కడా బురదే. ఖాసిం కూర్చున్నాడో లేదో చుట్టూ చిటపటలు మొదలయ్యాయి. కన్నాల్లో పీతలు గీరుతున్నాయి. గుల్లలు బుడగలు వదులుతున్నాయి. ఉల్లంకి పిట్టలు కీచుమంటూ బురదని పొడుచుకు తింటున్నాయి.

ఖాసిం లేచి మొదటి చోటికి పరుగెత్తాడు. మోచేతి దాకా చెయ్యి దించాడు. అద్దకపు తొట్టి కంపుతో నల్లటి జిగురు పైకొచ్చింది. అందులో నోళ్ళు తెరుచుకున్న గుల్లలు. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు.

వెనకే వచ్చిన పీర్ సాహెబు అడిగారు. "పడవ ఏ వేళ ఎక్కావు?"

"నిండు పోటు మీద. సముద్రం నీళ్ళు తోసుకొచ్చి అంతా తేటగా ఉంది. ఆ వేళకి రమ్మని షావుకారే..."

 ఖాసిం దవడలు బిగుసుకున్నాయి. నూకాలమ్మ మీది కోపం ఎటుపోయిందో తెలీదు. ఇది వేరే కోపం.

"నా నోటితో అబద్ధం చెప్పించబోయాడు! హజ్రత్, ఒళ్ళు మండిపోతోంది. కోపాన్ని మింగమంటారు కదా మీరు?"

 ఖాసిం చేతులు కడుక్కోవడానికి నీళ్ళ వైపు కదిలాడు.

"కడుక్కోకు," అన్నారు పీర్ సాహెబు. "సభకి అలాగే పో."