తగరం కలపని గంట

కరువుకు తాళలేక పొరుగుసీమ నుంచి వలస వచ్చిన నేతగాళ్లను ఊరు విడిచి పొమ్మన్నాడు రాజు మల్లభూపతి. తన కోటలో బయటివాళ్లెవరూ ఉండకూడదని ఆయన పట్టు. ఆ రోజుల్లోనే కోటకు పెద్ద గంట పోతపోయమని కంచరి బసవక్కకు పురమాయించాడు.

నేతగాళ్లు బళ్లు కట్టుకుని బయల్దేరిన రోజే గంట వేలాడదీశారు. రాజే స్వయంగా కొట్టాడు. మొద్దు మీద కొట్టినట్టు దబ్బుమని ఊరుకుంది.

"ఇదేం గంట, బసవక్కా?"

"అచ్చమైన రాగి ప్రభూ, మన కొండలో తవ్విందే. మామూలుగా అయితే తగరం కలిపి కంచు చేస్తాను. అప్పుడే ఖంగుమంటుంది."

"మరి కలపలేదేం?"

"తగరం పొరుగుసీమది. బయటివాళ్లు వద్దన్నారని దాన్నీ బయటే ఉంచాను."

రాజు గంటను తడిమి చూశాడు.

"తగరం అంత గట్టిదా?"

"లేదు ప్రభూ. రాగి కన్నా మెత్తన. రెండూ కలిస్తేనే గట్టిపడతాయి."

రాజు, "కరిగించి మళ్లీ పోతపొయ్యి. తగరం కలుపు" అన్నాడు.

బసవక్క కదల్లేదు. "అనుమతి తగరానికేనా ప్రభూ?"

రాజు తల దించుకున్నాడు. తర్వాత భటుణ్ణి పిలిచాడు.

"నేతగాళ్ల బళ్లు ఎందాకా వెళ్లాయో చూడు. నేను రమ్మన్నానని చెప్పి వెనక్కి తీసుకురా."