పంటి బిగువు

మద్దిలేటికి గురువుగారితో ఉన్న ఇబ్బంది ఒక్కటే, ఆయన తెలుగు. ఆదోని హకీం ఖాదర్ వలీ సాబ్ చేయి వేస్తే రోగం దాగేది కాదు గానీ, నోరు తెరిస్తే "అమ్మ వచ్చినాడు, అయ్య పోయింది" అనేవారు. వచ్చిన ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అందుకే రోగుల గోడు వినే పని మద్దిలేటి తన నెత్తిన వేసుకున్నాడు. మన మాట మనకే అర్థమవుతుందని అతని ధీమా.

ఆ వంకర తెలుగు ఒక్కసారి చెవినబడితే చాలని, డెబ్బై దాటిన మద్దిలేటి ఇప్పుడు బెంగపడుతుంటాడు.

ఆ శిష్యరికం రోజుల్లో ఒకనాడు సుంకులమ్మ దవడ అదిమి పట్టుకుని వచ్చింది.

"మా ఆయన మంచాన పడినప్పట్నుంచి సంసారం పంటి బిగువున లాక్కొస్తుండా నాయనా. చెవి పోటు, నమిలితే దవడ పోటు. పోయిన నెల ఊళ్లో ఒక పన్ను పీకించుకున్నా, తగ్గల్యా. దాని పక్కదేమో, అదీ పీకెయ్."

మద్దిలేటి చూశాడు. పన్ను దిట్టంగానే ఉంది. కానీ పళ్లు పీకడం కొత్తగా చేతికొచ్చిన రోజులు, చేయి ఊరుకుంటుందా! పటకారు వేడినీళ్లలో ముంచి తీశాడు.

"ఆగు బేటా."

చాప మీది నుంచి సాబ్ లేచి వచ్చారు. ఆమె రెండు చెవుల ముందూ వేళ్లు ఆనించారు.

"నోరు తెరువమ్మా. మూయి. మళ్లా."

తర్వాత మద్దిలేటి వేళ్లు తీసుకుని అక్కడే పెట్టారు. తెరిచినప్పుడల్లా కీలు లోపల టక్కుమంటోంది. దవడ ఒక పక్కకు జారుతోంది. బుగ్గ కింది కండ రాయిలా ఉంది.

"ఇప్పుడు నీ పళ్లు కలిసి ఉందా, విడిగా ఉందా?" అడిగారు సాబ్.

సుంకులమ్మ నాలుకతో తడిమి చూసుకుంది. "కలిసే ఉండాయి సామీ. ఎప్పుడూ అంతే గదా?"

"తినేటప్పుడే కలవాల. మిగతా పొద్దంతా పెదాలు కలుపు, పళ్లు వదులు."

ఆమె వదిలింది. దవడతో పాటు భుజాలూ దిగాయి. ఎందుకో కళ్లు నిండాయి. సాబ్ ఉప్పు మూటతో కాపడం పెట్టుకోమని, కొన్నాళ్లు మెత్తటి అన్నమే తినమని చెప్పి పంపించారు. పన్ను ఆమె నోట్లోనే ఉంది.

"ఎట్లా పట్టినారు సాబ్?"

"ఆమే చెప్పినాడు కదా, పంటి బిగువున అని."

మద్దిలేటికి ఉక్రోషం వచ్చింది. "అది మాటవరసకు అనేది సాబ్! తెలుగులో కష్టపడేవాళ్లందరం అట్లే అంటాం."

"మాటవరస నాకు రాదు బేటా. అమ్మ చెప్పినాడు, నేను విన్నాను."

ఆ తెలుగుకు ఆ రోజు మద్దిలేటికి నవ్వు రాలేదు. పటకారు గుడ్డలో చుట్టబోతూ ఎందుకో తన దవడ తడుముకున్నాడు. పళ్లు బిగిసి ఉన్నాయి.

మెల్లగా వదిలాడు.