మసి మడుగు

కొండ మీద అడవి కాలిందయ్యా. మర్నాడే వాన దంచింది. ఆ బూడిదా మసీ వాగులో కొట్టుకొచ్చి దిగువ మడుగులో చేరాయి. నీళ్లా అవి? కుంపటి కడిగిన కుడితి!

జెల్లచేప మీసాలమ్మ గుండెలు అరచేతిలో పెట్టుకుని ఉంది. రాతి కింద గూడు చేసి గుడ్లు పెట్టుకుంది, రేపో మాపో పిల్లలవుతాయి. వాటి మీద సన్నగా మసి దిగుతోంది. తోకతో విసిరినంతసేపు లేస్తుంది, ఆపితే మళ్లీ దిగుతుంది. ఒక్కసారి కప్పేసిందంటే గుడ్లకి ఊపిరాడదు.

ఆ మడుగులో పెద్దదిక్కు తాబేలు డిప్పతాత.

“తాతా, నా పిల్లలు బతుకుతారా?”

“ఏడవకమ్మా. బురదలోంచి బుడగలొస్తున్నాయి చూడు. మసి వాటికి అంటుకుంటే చాలు, పైకి మోసుకుపోతాయి. నురగ కట్టి వాగులో కొట్టుకుపోతుంది.”

“అంటుకోవడం లేదుగా! పక్కనుంచి జారిపోతోంది.”

“నీళ్లు కదలకపోతే అంతే మరి. మసీ బుడగలూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవాలి. మజ్జిగ చిలికినట్టు మెల్లగా తిప్పాలి.”

తాత నాలుగు కాళ్లతో తిప్పడం మొదలెట్టాడు. నిజమే, నల్లటి నురగ తేలింది. కానీ పిడికెడే తేలింది.

ఒడ్డున రాయి మీద నీటికాకి కాటుకయ్య ఇదంతా వింటున్నాడు. రెండు రోజులుగా మసినీళ్లలో చేప కనబడక కడుపు కాలుతోంది వాడికి.

“మీసాలమ్మ చెల్లీ! ఆ ముసలాయన తిప్పేసరికి నీ గుడ్లకి దినం పెట్టాలి. ఆలస్యం అమృతం విషం అన్నారు. కాస్త తిప్పితే పిడికెడు నురగొచ్చిందా, గట్టిగా కలిపితే గంపెడు రాదూ? దున్నపోతు గంగులు బావని దింపనా?”

“వద్దమ్మా! కవ్వం ఆడినట్టుండాలి గానీ...” అని తాత అంటూనే ఉన్నాడు.

భయంలో ఉన్నవాళ్లకి నిదానం చెవికెక్కుతుందా? “దింపు అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది” అనేసింది మీసాలమ్మ.

గంగులు దిగాడు. దిగడం ఏమిటి, కొండ కూలినట్టు పడ్డాడు! నాలుగు గిట్టలూ, కొమ్ములూ, తోకా ఒకటే కుమ్ముడు. బుడగలు చితికిపోయాయి. అంటుకున్న మసి కూడా ఊడి మళ్లీ నీళ్లలో పడింది. అది చాలదన్నట్టు అడుగు బురద లేచింది. ఊపిరాడక పరిగె చేపపిల్లలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి తేలాయి. కాటుకయ్యకి రొట్టె విరిగి నేతిలో పడింది. గుటుక్కుమని ఒకటి. గుటుక్కుమని ఇంకోటి.

“శభాష్ గంగులు బావా! ఇంకా గట్టిగా!”

మీసాలమ్మకి అప్పుడర్థమైంది. “అయ్యో, నా నోటితో నేనే పిలిచానే” అని కుమిలిపోయింది. గూట్లోకి చూస్తే గుడ్లు కనబడటం లేదు. “ఆగు బావా!” అని అరిచింది. ఆ హోరులో గంగులుకి ఏం వినబడుతుంది? వాడికి వినబడేది ఒడ్డున ఉన్నవాడి మాటే.

అంటే కాటుకయ్య నోటితోనే ఆపమనిపించాలి.

చచ్చేంత భయంతోనే పైకి తేలింది. కాటుకయ్య ముక్కు ముందు తెల్లటి పొట్ట తళుక్కుమనిపించి, తిన్నగా దున్నపోతు కాళ్ల మధ్యకి దూరింది. ఓ గిట్ట మీసాన్ని రాసుకుంటూ పడింది.

కాటుకయ్య ఆశకొద్దీ ములిగాడు. తను లేపించిన బురదలో తనకే కళ్లు కనబడలేదు. గంగులు గిట్ట ఠక్కున రెక్క మీద దిగింది.

“చచ్చాన్రో! ఆపు బావా, ఆపు! కదలకు!”

“గట్టిగా అన్నావుగా?”

“తప్పైపోయింది, మెల్లగా కాలు తియ్యి నాయనా!”

గంగులు ఆగాడు. మెల్లగా కాలు తీసి, మెల్లగా ఒడ్డెక్కాడు. బురద దిగాక తాతా మీసాలమ్మా నీళ్లు తిప్పుతూనే ఉన్నారు. నురగ పిడికెడు పిడికెడుగా వాగులో కలిసింది. సాయంత్రానికి గూట్లో గుడ్లు కనబడ్డాయి. సగం తెల్లబడి చచ్చిపోయాయి. మిగతా సగం లోపల చిన్న చిన్న తోకలు కదులుతున్నాయి. మీసాలమ్మ ఏడ్చిందో నవ్విందో దానికే తెలీదు.

కాటుకయ్య మాత్రం ఇప్పటికీ రాయి మీద రెక్కలు చాపుకుని కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే, ఆరబెట్టుకుంటున్నానంటాడు.

నీళ్లు ఎంత కలపాలో వాటిలో బతికేవాణ్ణి అడగాలి, ఒడ్డున ఆకలితో కూర్చున్నవాణ్ణి కాదు.