సూరిదేముడి ముక్కు

పాకం వాసన పట్టడంలో తనంతటివాడు లేడని పొంగిపోతూ, ఎవరేం చెప్పినా చెవిన పెట్టని సూరిదేముడనే బెల్లం వంటగాడు అనకాపల్లి వైపు ఓ ఊళ్ళో, గెడ్డ అని పిలిచే వాగు ఒడ్డున ఉండేవాడు.

ఆ గర్వం ఉత్తినే రాలేదు లెండి. మిగతావాళ్ళు మరిగే పాకంలోంచి చుక్క తీసి, నీళ్ళ గిన్నెలో వేసి, వేలితో నొక్కి చూసుకునేవారు. సూరిదేముడు మాత్రం పెనం పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, ఒక్కసారి గాలి పీల్చి "దించండి!" అనేవాడు. ఒక్కనాడూ గురి తప్పేది కాదు. ఆ విద్య నేర్పింది అతని అక్క జగ్గాయమ్మ. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని తండ్రి పొయ్యి దగ్గర నిలబడి, "ఇదిగో, పచ్చి వాసన పోనాది. ఇప్పుడు కమ్మదనం వచ్చినాది" అని చెబుతూ పెంచింది. ఏటా అమ్మవారి జాతరకు నైవేద్యం బెల్లం అతని పెనంలోనే వండాలన్నది ఊరి ఆచారం. ఆ ఒక్క మర్యాద కోసమే అతను బతికేవాడు.

ఒక ఏడాది ఇటుక బట్టీవాళ్ళు వచ్చి చెరకు పిప్పి కొంటామన్నారు. సూరిదేముడు పొయ్యిలోకి పనికొచ్చే పిప్పంతా అమ్మేసి, దాని బదులు పాత లారీ టైర్లు తెప్పించాడు. నల్లటి పొగ ఊరిని కమ్మేసింది. టైర్ల బూడిద, కాలిన ఇనప తీగలు పక్కనున్న అక్క గుమ్మడి మడిలో పడేవి. బెల్లం తెల్లబడాలని కలిపే పొడి, పెనం కడిగిన మడ్డి గెడ్డలోకి పోయేవి. చెరకాడే ఇంజినుకు సైలెన్సరు ఊడిపోతే, పోతే పోయిందిలే అని వదిలేశాడు. దాని మోతకు ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు.

జగ్గాయమ్మ దగ్గుకుంటూ వచ్చింది.

"ఏటిరా సూరీ ఇది? గెడ్డలో సేపలు సచ్చి తేలతన్నాయి. నా గుమ్మడిపాదు ఎండిపోనాది. నాకు ఊపిరాడ్డం నేదు. ఆ టైర్లు మానీరా."

సూరిదేముడు నవ్వాడు. "పొగ పైకి పోతాది. బూడిద పక్కకి పోతాది. నీళ్ళు కిందకి పోతాయి. నా కాడ ఏటుంటాదక్కా?"

అక్క ఇంకేదో అంది. ఇంజిను మోతలో అది వినబడలేదు. వినబడనందుకు అతను బాధపడనూ లేదు.

జాతర ముందురోజు రానే వచ్చింది. పెనం నిండా చెరకు రసం కుతకుతలాడుతోంది. ఊరి జనం చుట్టూ మూగారు. టైర్ల కంపుకు అందరూ ముక్కులకు తువాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. సూరిదేముడు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.

ఏమీ తెలియలేదు.

మళ్ళీ పీల్చాడు. పచ్చి వాసన లేదు, కమ్మదనం లేదు, చివరికి టైర్ల కంపు కూడా లేదు. కొన్నాళ్ళుగా ముక్కు మందగిస్తుంటే పడిశం అనుకున్నాడు పాపం. నీళ్ళ గిన్నె పక్కనే ఉంది. కానీ అంతమంది ముందు పాకంలో చుక్క తీసి చూసుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"ఇంకా రానేదు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

నురగ నల్లబడటం జగ్గాయమ్మ తన గుమ్మంలోంచి చూసింది. "సూరీ! దించీరా! మాడిపోతంది!" అని అరిచింది. ఇంజిను మోత ఆ కేకను మింగేసింది. ఆమె పొగలో పడి పరుగెత్తుకొచ్చి తమ్ముడి భుజం పట్టుకునేసరికి పాకం బొగ్గయింది. ఆమె అక్కడే కూలబడి, ఊపిరి అందక గిలగిల్లాడింది.

"అక్కా, నాకు వాసన తెలవడం నేదే!" అని సూరిదేముడు పసివాడిలా ఏడ్చాడు.

ఆ ఏడు అమ్మవారికి పొరుగూరి బెల్లం పెట్టారు. ఆసుపత్రిలో అక్కను బతికించారు గానీ, ఆమెకు ఆయాసం ఉండిపోయింది. పొగ పీల్చి పీల్చి పోయిన వాసన మళ్ళీ వస్తుందని చెప్పలేమని డాక్టరు సూరిదేముడితో అన్నాడు.

సూరిదేముడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. టైర్లు మానేసి మళ్ళీ పిప్పి వేశాడు. పొడి మానేసి, వెనకటిలా బెండ మొక్కల జిగురుతో రసం తేర్చాడు. మడ్డికి గొయ్యి తవ్వాడు. అక్క మడిలోని తీగముక్కలు తనే ఒక్కొక్కటిగా ఏరాడు. ఇంజినుకు సైలెన్సరు బిగించాడు. రెండేళ్ళకు గెడ్డలో చేపపిల్లలు కనిపించాయి. గుమ్మడిపాదు పూసింది.

మూడో ఏడు జాతర బెల్లం మళ్ళీ అతని పెనంలోకే వచ్చింది. పొయ్యి పక్కన పీట మీద జగ్గాయమ్మ కూర్చుంది. "దించరా" అంది, నీరసంగా. అంత చిన్న మాటా అతనికి స్పష్టంగా వినిపించింది. వెంటనే దించాడు.

వేడి బెల్లం ముక్క చేతిలోకి తీసుకుని, "ఎలాగుందక్కా వాసన?" అని అడిగాడు.

"అయ్య వండినట్టే ఉందిరా."

సూరిదేముడు ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కాసేపు ఆగి మళ్ళీ పీల్చాడు. తర్వాత దాన్ని అక్క చేతిలో పెట్టేశాడు.

నీతి: గాలిలోకి వదిలిన పొగ, నీటిలో కలిపిన మడ్డి, నేలలో పారేసిన చెత్త, చెవులు చిల్లులు పడే మోత ఎక్కడికీ పోవు, మన దగ్గరికే తిరిగి వస్తాయి. తప్పు దిద్దుకుంటే ఊరు బాగుపడుతుంది గానీ, పోగొట్టుకున్నదంతా తిరిగి రాదు.