దూడ ఎందుకు కుమ్మి తాగుతుంది?

ఒకప్పుడు దూడలకున్న మర్యాద చూస్తే మీకు కళ్లు తిరిగేవి. కాళ్లు దగ్గరపెట్టుకుని, తోక దించుకుని, చప్పుడు కాకుండా పాలు చీకేవి. తల్లేమో మొహం అటు తిప్పుకుని నిలబడేది. చూస్తే బిడ్డకు దిష్టట! తల్లి దిష్టి కంటే పాడు దిష్టి లేదని మందలో పెద్దల మాట. అందుకే అప్పటి దూడలన్నీ పుల్లల్లా ఉండేవి.

నల్లావు కర్రికి తొలిచూలున చుక్కడు పుట్టాడు. పొదుగు చూస్తే కుండంత. వాడెంత చీకినా పాలు చేపవు, చుక్క కిందికి దిగదు. పాపం, డొక్కలు బయటపడ్డాయి.

"అత్తా, వీడు నిలబడలేకపోతున్నాడే! ఒక్కసారి చూడనా?" అంది కర్రి.

"హవ్వ! చూస్తావుటే?" అని మూతి తిప్పింది అత్త పుల్లావు. "మన వంశంలో ఏ తల్లీ చూడలేదు. నోర్మూసుకుని గడ్డి నములు."

నోరు మూసుకుని గడ్డెలా నమలాలో కర్రికి తెలియలేదు. 

పాకకు ఎదురుగా, అరుగు మీద, ఇంటావిడ సూరీడమ్మ పిల్లకి పాలిస్తోంది. కొంగు కప్పుకునే ఉంది. దిష్టి భయం ఆవిడకీ ఉంది మరి. కానీ కొంగు కింద పెద్ద యుద్ధం! పిల్ల తంతోంది, పుస్తెలు లాగుతోంది, తలతో గుద్దుతోంది. సూరీడమ్మ ఆగలేక కొంగెత్తి తొంగి చూసింది.

"ఓసి రాక్షసీ! అన్నీ మీ నాయనమ్మ పోలికలే" అని నవ్వింది. పిల్ల గుటకలు పాకదాకా వినబడ్డాయి.

కర్రి చూసింది. చుక్కడూ చూశాడు. వాడు ఉన్న కాస్త సత్తువా కూడదీసుకుని, పొదుగును తలతో ఒక్క కుమ్ము కుమ్మాడు.

"అమ్మో, చచ్చాన్రా!" అంటూ కర్రి గిరుక్కున తల తిప్పింది. నుదుటి మీద తెల్లచుక్కతో, వెధవ, ఎంత బాగున్నాడో! ఉండబట్టలేక వాడి వీపు నాకేసింది. అంతే, పాలు జలజలా చేపాయి. చుక్కడి మూతినిండా నురగ. తోక దానంతటదే గిరగిరా తిరిగింది.

"దిష్టే, దిష్టి!" అని అరిచింది అత్త.

"తగిలితే తగలనీ అత్తా! ఆకలి కంటే పెద్ద దిష్టా?" అంది కర్రి, నాకడం ఆపకుండా.

అత్త చాలారోజులు ఛీ ఛీ అంటూనే ఉంది. మరుసటి ఈతలో పుట్టిన తన దూడ కుమ్మినప్పుడు, ఎవరూ చూడటం లేదనుకుని తనూ వెనక్కి తిరిగి నాకింది. మందంతా చూసింది.

అప్పటినుంచే దూడలు పొదుగు కుమ్ముతూ, తోక ఊపుతూ పాలు తాగుతాయి. తల్లులు తల వెనక్కి తిప్పి, దిష్టి సంగతి తర్వాత చూసుకోవచ్చులెమ్మని, నాకుతూనే ఉంటాయి.