సుంకన్నకు గుహ దొరికిన విధం

ఇది అబద్ధమని తోచినవాళ్ళు ఇప్పుడే లేచి పోవచ్చు. తీరా అంతా విన్నాక గొణిగితే ఒప్పుకునేది లేదు. గుహల మద్దిలేటయ్య అంటే ఆషామాషీ మనిషి కాదు. బేతంచెర్ల దగ్గర బొరియలో దూరి బనగానపల్లెలో తేలినవాడు, అదీ పంచె నలగకుండా. ఆయన దగ్గితే గబ్బిలాలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవి. అంతటివాడి దగ్గర, సెల్‌ఫోన్లు బాగుచేసే సుంకన్న శిష్యుడిగా చేరి, కనపడినప్పుడల్లా అవే రెండు ప్రశ్నలు వేసేవాడు: "గుహలు యాడుండాయి సార్? గుహలు తెలిసినోళ్ళు యాడ దొరుకుతారు?"

మద్దిలేటయ్య జవాబు చెప్పే రకం కాదు. ఆదివారం కాలువ గట్టుకు రమ్మనేవాడు. వెళ్తే అక్కడ బురద పట్టిన తాళ్ళ గుట్ట, వాటిని ఉతికే ముగ్గురు: ఇడ్లీబండి హుసేన్‌బీ, ఒక డ్రిల్లు మాస్టరు, ఒక కరెంటాఫీసు గుమాస్తా. సుంకన్న చేతిలోనూ ఒక తాడు పడేది. వాళ్ళ మాటలన్నీ తాడు ఎక్కడ నలిగింది, ఏ ముడి జారింది, ఇంట్లో చెప్పి వచ్చామా లేదా అనేవే. సుంకన్నకు ఒళ్ళు మండిపోయేది. గుహ చూపించమంటే ఈ ముసలాయన చాకిరేవు చూపిస్తాడేమిటి? ఆ మాటే పైకి అంటే హుసేన్‌బీ నవ్వింది. "గుహ యాడికీ పోదులేప్పా. ముందు ఆ బురద పోనీ."

విసిగి విసిగి, చివరికి ఊరి మీద పడ్డాడు. టీకొట్టు, బస్టాండు, మంగలి షాపు, అడగని చోటు లేదు. నక్కలగుట్ట మీద ఒక బొక్క ఉందని ఎవరో అన్నారు. ఆ ఆదివారం తాళ్ళకు డుమ్మా కొట్టి, ఎవరికీ చెప్పకుండా, సెల్‌ఫోన్ దీపం ఒక్కటే పట్టుకుని ఒక్కడే దూరాడు.

నిజంగానే గుహ. పాకేకొద్దీ సన్నబడింది. ఒకచోట రెండు బండలు పక్కటెముకలను పట్టేసుకున్నాయి. ముందుకు లేదు, వెనక్కూ లేదు. భయంతో ఊపిరి పీల్చేకొద్దీ ఛాతీ ఉబ్బి మరీ బిగుసుకుపోయాడు. ఫోను జారి, అడుగున ఎక్కడో కాసేపు వెలిగి ఆరిపోయింది. అమ్మ పేరు అయిపోయింది, దేవుళ్ళ పేర్లూ అయిపోయాయి. ఆ కేకలకు గుట్ట అవతల నెలలు నిండని మేకలు ఈనాయి. ఇందులో అతిశయోక్తి రవ్వంత లేదు.

ఇక్కడ కాలువ గట్టున, సుంకన్న ఎందుకు రాలేదని ఆరా తీశారు. ఊరంతా అడిగిన పుణ్యాన, అతను ఏ బొక్కలో ఉన్నాడో బస్టాండులో కుక్కనడిగినా చెప్పేలా ఉంది.

మధ్యాహ్నానికి వెనకనుంచి వెలుతురు పడింది. ఎవరో మడమ పట్టుకున్నారు.

"ఊపిరి వదులప్పా," అంది హుసేన్‌బీ గొంతు. "మొత్తం వదులు. వదిలినప్పుడే రవ్వంత వెనక్కి జరుగు. మళ్ళీ వదులు."

ఆమె నడుముకు తాడు. దాని కొస డ్రిల్లు మాస్టరు చేతిలో. గుహ వాకిట గుమాస్తా కాపలా. అలా బెత్తెడు బెత్తెడు లాగి బయట వేసేసరికి, సుంకన్నకు చొక్కా లేదు, వీపున చర్మం సగం లేదు.

బండ మీద కూర్చున్న మద్దిలేటయ్యను చూడగానే అతనికి దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంతమంది గుహలు తెలిసినోళ్ళను నా పక్కనే కూర్చోబెట్టి ఒక్కమాటైనా చెప్పకపోతివే సార్, అని నిలదీశాడు.

ముసలాయన విసుగ్గా తల గోక్కున్నాడు.

"నువ్వడిగినవి రెండూ దొరికె గదరా. వరసే తప్పింది."

అనుమానమున్నవాళ్ళు బస్టాండు ముందు ఇడ్లీబండి దగ్గర విచారించుకోండి. మడమ పట్టి లాగిన మనిషి ఇంకా అక్కడే ఉంది. పేరు హుసేన్‌బీ.